గీత జరిగింది, పేదరికం పోయింది

2016 అక్టోబరు 11, విజయదశమి. ముందు రోజు రాత్రి తలకొండపల్లి మండలంవాళ్ళు మహబూబ్‌నగర్ జిల్లాలో పడుకున్నారు. పండగనాడు రంగారెడ్డి జిల్లాలో నిద్ర లేచారు. మధ్యలో ఎవరూ మంచం కూడా జరపలేదు. 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55 శాతం, తెలంగాణ జిల్లాలన్నిటికీ అడుగున. అదే లెక్కల్లో రంగారెడ్డిది దాదాపు 76. అంటే జమ్మిచెట్టుకు దణ్ణం పెట్టుకుని ఇంటికొచ్చేలోపు మండలానికి మండలం చదువుకున్నవాళ్ళ జిల్లాలో చేరిపోయింది. ఒక్కరూ పలక పట్టలేదు. ఒక్క బడికీ సున్నం వేయలేదు. ఆమనగల్లు, కడ్తాల్, మాడ్గుల, కేశంపేట, కొందుర్గు కూడా అదే ముహూర్తానికి గృహప్రవేశం చేశాయి.

పాలమూరు అని పిలిచే మహబూబ్‌నగర్ కూలీ అంటే దేశమంతా తిరిగి డ్యాములు కట్టినవాడు, కాలువలు తవ్వినవాడు. ఆ పండగ మర్నాడు కూడా అతని మూట అదే, ఎక్కాల్సిన బొంబాయి బస్సు అదే, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు అదే. మారిందల్లా ఒక్కటే. ఇప్పుడతను తలసరి ఆదాయంలో తెలంగాణకే తలమానికమైన జిల్లా పౌరుడు. ఈ సంగతి మేస్త్రీ చెవిన పడకుండా ఉంటేనే మంచిది, అడ్వాన్సు తగ్గించినా తగ్గిస్తాడు.

ఇంత చవకైన పేదరిక నిర్మూలన పథకం మన ప్రభుత్వాలకు ఇంకోటి దొరకలేదు. టెండరు అక్కర్లేదు, లబ్ధిదారుల జాబితా అక్కర్లేదు, సోషల్ ఆడిట్ అసలే అక్కర్లేదు. ఒక పటం, ఒక స్కెచ్ పెన్ను, ఒక జీవో చాలు. ఆ పెన్ను పట్టుకున్న పెద్దలను మనం గీతాచార్యులు అని పిలుచుకుందాం. కర్మ మనది, ఫలం వాళ్ళ పట్టికది.

రంగారెడ్డి తలసరి ఎందుకంత బలిసిందో కాస్త దగ్గరికెళ్ళి చూద్దాం. శేరిలింగంపల్లి మండలం ఆ జిల్లాలోది. గచ్చిబౌలి, నానక్‌రాంగూడ అద్దాల మేడలన్నీ అక్కడివే. జిల్లా ఆదాయాన్ని సరుకో సేవో ఎక్కడ పుట్టిందో అక్కడి ఖాతాలో రాస్తారు, దాన్ని పుట్టించినవాడు ఎక్కడ పడుకుంటాడో అక్కడ కాదు. కాబట్టి కూకట్‌పల్లిలో అద్దెకుండే ఇంజినీరు జనాభా లెక్కలో మేడ్చల్-మల్కాజిగిరి మనిషి, మలక్‌పేటలో ఉండే అతని మేనేజరు హైదరాబాద్ మనిషి. వాళ్ళిద్దరూ పగలంతా కష్టపడి కూడబెట్టేది మాత్రం రంగారెడ్డి లవంలో. హారంలోకి వచ్చేది తలకొండపల్లి తలలు. ఆ భాగహారం చేసి, వచ్చిన అంకెను తలకొండపల్లి తల మీద పెట్టి, లక్షాధికారివి కదా, ఇంకేం కావాలి అంటారు. ఇక అదే దసరా రోజున వికారాబాద్, తాండూరు వైపు ప్రాంతాన్ని రంగారెడ్డి నుంచి విడదీసి వేరే జిల్లా చేశారు. రంగారెడ్డి సగటుకు అడ్డంగా ఉన్న బరువు కొంత దిగింది. వికారాబాద్ తలసరి జాబితాలో కింది వరుసలకు చేరింది. ఇటు సంపదా పెరగలేదు, అటు దరిద్రమూ పెరగలేదు. గీత జరిగింది, అంతే.

ఇదే రంగారెడ్డి, రాష్ట్ర విభజన తర్వాత కేంద్రం ఇచ్చిన ప్రత్యేక సాయంలో ‘వెనుకబడిన జిల్లా’ కూడా. హైదరాబాద్ మినహా అప్పటి తెలంగాణలోని 9 జిల్లాలూ ఆ జాబితాలో ఉండేవి, ఏడాదికి జిల్లాకు 50 కోట్ల చొప్పున. చేయి చాచేటప్పుడు ఒక రంగారెడ్డి, కాలరెగరేసేటప్పుడు ఇంకో రంగారెడ్డి. పటంలో మాత్రం రెండూ ఒకచోటే.

గీతాచార్యులకు ఇంకా తెలిసినట్టు లేదుగానీ, ఈ విద్యలో దీన్ని మించిన కిటుకు ఒకటుంది. ఊరికే లెక్క కోసం అనుకోండి: ధనిక జిల్లాలో సమాన జనాభా ఉన్న మూడు మండలాలు, తలసరి 9 లక్షలు, 8 లక్షలు, 4 లక్షలు. సగటు 7. పేద జిల్లాలోనూ మూడు: 3, 2, 1. సగటు 2. ఇప్పుడు ఆ 4 లక్షల మండలాన్ని ధనిక జిల్లా నుంచి తీసి పేద జిల్లాలో కలపండి. ధనిక జిల్లా సగటు 8.5 అయింది. పేద జిల్లా సగటు 2.5 అయింది. ఇద్దరు కలెక్టర్లూ శాలువాలు కప్పించుకోవచ్చు, ఇద్దరు ఇన్‌చార్జి మంత్రులూ ప్రెస్‌మీట్ పెట్టుకోవచ్చు. ఆరు మండలాల్లో ఒక్కరి జేబులోకీ ఒక్క పైసా కొత్తగా రాలేదు. సంఖ్యాశాస్త్రంలో దీన్ని అమెరికా హాస్యగాడు విల్ రోజర్స్ పేరుతో పిలుస్తారు. మన దగ్గరైతే ఏ పథకానికి ఏ నాయకుడి పేరు పెట్టాలన్న గొడవ తేలాక అమలు చేస్తారు.

గీత జరిగితే అంకె కూడా జరుగుతుందని పండితులు కనిపెట్టి తొంభై ఏళ్ళు దాటింది. 1934లో గెల్కె, బీల్ అనే ఇద్దరు అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్ నగరాన్ని తీసుకున్నారు. ఇళ్ళ అద్దెకూ, కుర్రాళ్ళ నేరాలకూ ఉన్న సంబంధం ఎంతో లెక్కేశారు. నగరాన్ని 252 ముక్కలుగా చూస్తే సహసంబంధ గుణకం మైనస్ 0.50. పక్కపక్క ముక్కలను కలుపుతూ 25 చేస్తే మైనస్ 0.76. కుర్రాళ్ళు అవే నేరాలు చేశారు, అద్దెలు అవే కట్టారు, సంబంధం మాత్రం చిక్కబడింది. తర్వాత 1950లో యూల్, కెండాల్ తమ పాఠ్యపుస్తకంలో ఇంగ్లండ్ గోధుమనూ బంగాళాదుంపనూ పక్కపక్కన కూర్చోబెట్టారు. 48 కౌంటీల దిగుబడులు చూస్తే ఆ రెండిటి మధ్య సంబంధం 0.22, అంటే ముఖపరిచయం. కౌంటీలను కలిపి కలిపి మూడు గుంపులు చేసేసరికి 0.99. పుట్టింటి చుట్టరికం!

అసలు మజా అయోవాలో ఉంది. అమెరికాలోని ఆ రాష్ట్రానికి 99 కౌంటీలు. 1979లో స్టాన్ ఓపెన్‌షా, పీటర్ టేలర్ ఒక మామూలు ప్రశ్న వేశారు: అరవై దాటినవాళ్ళు ఎక్కువున్న చోట రిపబ్లికన్ పార్టీకి ఓట్లు ఎక్కువ పడతాయా? 99 కౌంటీలను ఉన్నవి ఉన్నట్టు చూస్తే గుణకం 0.35 దగ్గర. సరే, కొద్దిపాటి సంబంధం ఉంది అని వదిలేయవచ్చు. వాళ్ళు వదల్లేదు. అవే 99 కౌంటీలను ఇలా కలిపి, అలా కలిపి, కంప్యూటర్‌తో రకరకాల పెద్ద మండలాలు చేసి చూశారు. ఒక కూర్పులో గుణకం దాదాపు ప్లస్ 1 వచ్చింది, ముసలివాళ్ళంతా రిపబ్లికన్లే అన్నట్టు. ఇంకో కూర్పులో దాదాపు మైనస్ 1, ముసలివాళ్ళకు ఆ పార్టీ పొడే గిట్టదన్నట్టు. ఓటర్లు వాళ్ళే, ఓట్లు అవే. వ్యాసానికి వాళ్ళు పెట్టిన పేరులోనే పదిలక్షల చిల్లర సహసంబంధ గుణకాలు అని ఉంటుంది. మీకు ఏది కావాలో ముందే చెబితే, ఆ సైజు గీత కుట్టిపెడతాం అన్నమాట.

దీనికి వాళ్ళ భాషలో మోడిఫయబుల్ ఏరియల్ యూనిట్ ప్రాబ్లమ్ అని పేరు. పేరు పొడుగే, సంగతి పొట్టి. ముక్కలు ఎంత పెద్దవి చేస్తామన్నది ఒకటి, అదే సైజులో గీత ఎటు నుంచి ఎటు లాగుతామన్నది రెండు. ఈ రెండిట్లో ఏది మార్చినా జవాబు మారుతుంది. మన టీవీ స్టూడియోలకు ఈ కబురు ఇంకా చేరలేదు. ఓట్ల లెక్కింపు రోజున తొమ్మిది గంటలకే ఒక విశ్లేషకుడు తెర మీద పటం పరిచి, ఫలానా కులంవాళ్ళు ఎక్కువున్న జిల్లాల్లో ఫలానా పార్టీకి సీట్లొచ్చాయి, కాబట్టి ఆ కులం ఆ పార్టీకే గుద్దింది అని తేల్చేస్తాడు. 1950లో రాబిన్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఇలాంటి తెలివినే పట్టుకుని ఉతికి ఆరేశాడు. 1930 నాటి అమెరికా జనాభా లెక్కల్లో వలస వచ్చినవాళ్ళు ఎక్కువున్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువ, గుణకం మైనస్ 0.53. అయితే వలసవాళ్ళకు చదువెక్కువ అనుకోవాలి కదా? మనిషి మనిషినీ లెక్కేస్తే గుర్తు తిరగబడి ప్లస్ 0.12. వలసవాళ్ళకు చదువు కాస్త తక్కువే. చదువుకున్న రాష్ట్రాల్లో పని దొరికింది కాబట్టి అక్కడ దిగారు. మన విశ్లేషకుడికి మాత్రం జిల్లా ఓటేస్తుంది, జిల్లాకు కులం ఉంటుంది, జిల్లాకు కోపం వస్తుంది.

ఇక విశాఖపట్నం. ఓడరేవు ఉంది, ఉక్కు కర్మాగారం ఉంది, రిఫైనరీ ఉంది, షిప్‌యార్డు ఉంది. పదమూడు జిల్లాల రోజుల్లో ఆంధ్రప్రదేశ్ తలసరి ఆదాయంలో పెద్దపీట దానిదే. అదే విశాఖపట్నం ఉత్తరాంధ్ర వెనుకబాటు ప్యాకేజీలో ఒక జిల్లా. 2018 జనవరిలో కేంద్రం ప్రకటించిన ఆకాంక్షిత జిల్లాల జాబితాలోనూ ఉంది. ఆకాంక్షిత అంటే వెనుకబడిన అనే మాటకు ఇస్త్రీ చేసిన పేరు. ఒకే జిల్లా ఏకకాలంలో కుబేరుడూ కుచేలుడూ ఎలా అయింది? ఆ 11 వేల చదరపు కిలోమీటర్లలో సగానికి పైగా పాడేరు, అరకు, పెదబయలు, ముంచంగిపుట్టు, జి.మాడుగుల, చింతపల్లి వంటి 11 ఏజెన్సీ మండలాలు. అక్కడి గర్భిణిని డోలీలో కట్టి, కొండ దింపి, అంబులెన్సు ఆగిన చోటుకు మోసుకురావాలి. పాత జిల్లా సగటులో ఆ డోలీ మోసినవాడి కూలీ, గాజువాక ఉక్కు ఉద్యోగి జీతం కలిసి ఒకే అంకె అయ్యాయి. ఆ అంకె ఇద్దరిలో ఒక్కరికీ సరిపోయేది కాదు.

2022 ఏప్రిల్ 4న గీత పడింది. పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చింది, అనకాపల్లి విడిగా పోయింది. విశాఖపట్నం వెయ్యి చిల్లర చదరపు కిలోమీటర్ల నగర జిల్లాగా మిగిలింది. వెనుకబడిన బిల్ల ఏజెన్సీతోపాటు కొండెక్కింది. విశాఖ జిల్లా ఒక్క పూటలో శుద్ధి అయి కూర్చుంది, గిరిజన పోషకాహారం, గిరిజన అక్షరాస్యత, గిరిజన రోడ్లు ఏవీ దాని ఖాతాలో లేవు. న్యాయంగా చెప్పాలంటే ఈ గీత మంచి పనే చేసింది, పాత సగటు కింద దాక్కున్న దారిద్ర్యాన్ని పేరు పెట్టి చూపించింది. తెలంగాణలో ఆసిఫాబాద్ సంగతీ అంతే. పాత ఆదిలాబాద్‌లో మంచిర్యాల సింగరేణి బొగ్గు లెక్క గోండు గూడేల మీద కూడా పంచబడేది, కాగితం మీద మాత్రం. విడిపోయాక కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా అసలు మొహంతో కనబడింది, ఆకాంక్షితమైంది. కనుక చిన్న జిల్లాలు వద్దని నేననడం లేదు. ఏ గీత ఏం చూపిస్తోందో, ఏం కప్పెడుతోందో చెప్పకుండా అంకెను ఊరేగించవద్దంటున్నాను.

మరి ఈ గీతలు ఏ ప్రాతిపదికన పడ్డాయి? నది చూశారా, నేల చూశారా, సంతకు జనం ఎటు పోతారో చూశారా? ఆంధ్రప్రదేశ్‌లో 2022లో చూసింది లోక్‌సభ సీటు. 25 ఎంపీ సీట్లు, అందులో కొండంత అరకును రెండు చేస్తే 26 జిల్లాలు. కొన్ని చోట్ల అసెంబ్లీ నియోజకవర్గాలను అటూ ఇటూ సర్దారు, అది వేరే సంగతి. ఆ ఎంపీ సీట్ల హద్దులు 2008 పునర్విభజనవి. దానికి ఆధారం 2001 జనాభా లెక్కలు. అంటే 2001లో ఎక్కడ ఎంతమంది ఉన్నారో చూసి ఓట్లు సమానంగా పంచడానికి గీసిన గీతలతో ఇప్పుడు రక్తహీనతనూ, వేరుశనగ దిగుబడినీ, బడి మానేసిన పిల్లలనూ కొలుస్తున్నాం. తెలంగాణది ఇంకో దారి. ముసాయిదాలో లేని గద్వాల, సిరిసిల్ల, జనగామ ఉద్యమం చేసి జిల్లాలయ్యాయి. అది ప్రజాస్వామ్యం, తప్పు పట్టను. కాకపోతే రాస్తారోకో ఎంత గట్టిగా జరిగిందన్నది కూడా ఇప్పుడు మన జిల్లా సగటులో ఒక చలరాశి.

వాన సంగతి విడిగా చెప్పుకోవాలి. వాతావరణ శాఖ లెక్కలో జిల్లా వర్షపాతం సాధారణం కంటే 19 శాతం తక్కువైనా సాధారణమే. 20 శాతం తక్కువైతే లోటు. ఒక్క శాతం తేడాతో పటం రంగు మారుతుంది. జిల్లా సగటు అంటే ఏమిటి? ఒక మూల చెరువు తెగిపోయేంత కురిసి, ఇంకో మూల విత్తనం మొలవకపోతే, రెండూ కలిపి ‘సాధారణం’. విత్తనం మొలవని రైతు మండలాన్నయినా లెక్కలోకి తీసుకోండి అంటాడు. మండలంలోనూ వానమాపకం ఉన్న చోట కురిసిందే లెక్క, అతని చేలో కురవనిది కాదు. 2020 మే మొదట్లో కరోనా రంగులు గుర్తున్నాయా? పదమూడే జిల్లాలున్న ఆంధ్రప్రదేశ్‌లో 5 ఎరుపు, 7 నారింజ, పచ్చగా మిగిలింది విజయనగరం ఒక్కటే. 33 ముక్కలున్న తెలంగాణలో 9 పచ్చ. కేంద్రం పటంలో కర్నూలు పట్టణంలో దగ్గితే పత్తికొండ అవతల పల్లె కూడా ఎర్రబడింది. రంగు పడింది జిల్లాకు, వైరస్‌కు ఆ జిల్లా పేరు కూడా తెలీదు.

ఇప్పుడు నిజంగా కడుపు మండే విషయం. ప్రగతి జరిగిందో లేదో తెలియాలంటే నిన్నటి అంకెను నేటి అంకెతో పోల్చాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లో తెలంగాణను 10 జిల్లాలుగా కొలిచింది. 2019-21లో 31 జిల్లాలుగా కొలిచింది. రెండిట్లోనూ రంగారెడ్డి ఉంది, పేరొక్కటే, ఒళ్ళు వేరు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి, చూశారా ఎంత మెరుగుపడ్డామో అనేవాడికి ఏ శిక్ష వేయాలి? వరంగల్ విషయంలో పేరూ నిలవలేదు. 2016లో వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అని పెట్టారు. 2021లో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. హద్దులు కూడా కొంత మార్చారు. పరిశోధన చేసే కుర్రాడు కంప్యూటర్‌లో ‘వరంగల్’ అని కొడితే పదేళ్ళలో మూడు వేర్వేరు భూభాగాలు వస్తాయి. వాటిని గీత గీసి కలిపితే ఎగుడుదిగుడు రేఖ ఒకటి తయారవుతుంది. దానిమీద పీహెచ్‌డీ రాయవచ్చు, విధానం రాయకూడదు.

వీటన్నిటికీ కింద పునాది 2011 జనాభా లెక్కలే. 2021లో జరగాల్సినవి జరగలేదు. హద్దులు స్తంభింపజేయాలన్న గడువు పొడిగించుకుంటూ పోయారు, ఆ పొడిగింపుల సందుల్లో గీతలు జరుగుతూ పోయాయి. రాబోయే లెక్కలకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. హద్దులు కదపకూడదన్న గడువు 2025 డిసెంబరు 31. ఆ గడువు ముంచుకొస్తున్న వేళ కూడా ఆంధ్రప్రదేశ్‌లో మార్కాపురం, పోలవరం పేర్లతో మరో రెండు జిల్లాలు వచ్చాయి. మార్కాపురంవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా అడిగిందే, సంతోషం. కానీ పాత ప్రకాశం జిల్లాతో పోల్చే పట్టిక ఏది?

గీతాచార్యులను గీయవద్దని బతిమాలితే వినేవాళ్ళు కాదు. అడిగేది ఒక్కటే. కొత్త జిల్లాకో మండలానికో జీవో ఇచ్చినప్పుడు, దానికి అనుబంధంగా పాత హద్దుల అంకెలను కొత్త హద్దులకు మార్చిన పట్టిక జతచేయండి. ఏ ఊరు ఏ పాత జిల్లాది, ఏ పాత మండలానిది అన్న జాబితా ఊరి కోడ్‌తో సహా పెట్టండి. జనాభా లెక్కలవాళ్ళు ఊరు ఊరుకూ అక్షరాస్యత, కూలీల సంఖ్య ప్రచురిస్తూనే ఉన్నారు కాబట్టి ఇది అసాధ్యమైన పనేమీ కాదు, ఒక గుమాస్తా, ఒక కంప్యూటర్, కొద్ది వారాలు. తలసరి ఆదాయం ప్రకటించేటప్పుడు జిల్లా అంకెతోపాటు మండలాల మధ్య అంతరం కూడా అచ్చువేయండి, శేరిలింగంపల్లిని ఒక వరుసలో, తలకొండపల్లిని ఇంకో వరుసలో. పత్రికలవాళ్ళకు కూడా ఒక మాట: ‘మన జిల్లా రాష్ట్రంలో ఫస్ట్’ అని పతాక శీర్షిక పెట్టే ముందు, ఆ జిల్లా ఏ తేదీన పుట్టిందో, దాన్ని ఏ తేదీ నాటి జిల్లాతో పోల్చారో ప్రెస్‌నోట్ ఇచ్చిన అధికారిని అడగండి. జవాబు రాకపోతే ఆ వార్త వేయకండి.